పీలింగ్ షెడ్డులో అడ్వాన్సులు, మేస్త్రీలు, చెరువు కాపలా జంటలు: వెట్టి లేకుండా చూసుకోవడం ఎలా?

ప్రశ్న క్లుప్తంగా: భీమవరం దగ్గర 45 మందితో రొయ్యల పీలింగ్ షెడ్డు (రొయ్యల పెంకు వలిచే చోటు) నడుపుతున్నారు. ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లే. 18 మంది మాత్రం ఒక మేస్త్రి (కూలీలని కుదిర్చి తెచ్చేవాడు) ద్వారా ఒడిశా నుంచి వచ్చారు, వాళ్లకి మనిషికి 20 వేలు అడ్వాన్సు ఇచ్చారు. సరుకు కొంత రైతుల దగ్గర నేరుగా, కొంత ఏజెంట్ల ద్వారా కొంటారు. ఇప్పుడు మీ సరుకు తీసుకునే ఎక్స్‌పోర్టు కంపెనీ "మా దగ్గరా, మాకు సరుకిచ్చేవాళ్ల దగ్గరా నిర్బంధ చాకిరీ లేదు" అని డిక్లరేషన్ మీద సంతకం పెట్టమంది. సంతకం పెట్టేస్తే చాలా, అడ్వాన్సు ఇవ్వడం తప్పా, మనవి కాని చెరువుల మీద జరిగేదానికి మనమేం చేయగలం అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఇవాళ సంతకం పెట్టకండి. నెల రోజులు గడువు అడిగి, ముందు మీ షెడ్డు చూసుకోండి. అడ్వాన్సు ఇవ్వడం నేరం కాదు. అడ్వాన్సు తీరేదాకా మనిషి కదలడానికి వీల్లేదనడం నేరం. మీరు పెట్టుకోవాల్సిన పరీక్ష ఒక్కటే: బాకీ ఉన్న మనిషి రేపు పొద్దున్న "నేను ఊరెళ్లిపోతానండి" అంటే, ఇవాళ్టి వరకు చేసిన పనికి డబ్బు తీసుకుని, తన ఆధార్, తన ఫోను, తన ఏటీఎం కార్డు తన జేబులో పెట్టుకుని గేటు దాటగలగాలి. ఇందులో ఏ ఒక్కటి జరగదనిపించినా ఆ డిక్లరేషన్ అబద్ధమే.

మన వైపు షెడ్ల యజమానుల్లో చాలామందికి ఈ మాట వినగానే కోపం వస్తుంది. "గొలుసులేసి కట్టామా? అన్నం పెడుతున్నాం, అవసరానికి డబ్బిస్తున్నాం" అంటారు. అన్నం పెట్టడం, అప్పివ్వడం వెట్టి కాదనడానికి రుజువు కాదండి. పాత పాలేరు జీతాల్లో కూడా ఆ రెండూ ఉండేవి.

చట్టం ఏమంటోంది

1976 నాటి వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం చాలామంది అనుకునేదానికంటే చాలా వెడల్పైనది. అడ్వాన్సు తీసుకున్నందుకు బదులుగా మనిషి నామమాత్రపు కూలికి పనిచేయాల్సి రావడం, వేరే చోట పనికి వెళ్లే స్వేచ్ఛ పోవడం, దేశంలో ఎక్కడికైనా తిరిగే స్వేచ్ఛ పోవడం, తన కష్టంతో వచ్చినదాన్ని మార్కెట్ ధరకి అమ్ముకునే హక్కు పోవడం. వీటిలో ఒక్కటున్నా చాలు, అన్నీ ఉండక్కర్లేదు. అడ్వాన్సుకి కాగితం ఉందా లేదా అన్నదాంతో కూడా పని లేదు. కనీస వేతనం కంటే తక్కువిచ్చింది "నామమాత్రపు కూలి" కిందికే వస్తుంది. ఆ బాకీ వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవాల్సిన భారం అప్పిచ్చినవాడి మీదే ఉంటుంది, కూలి మీద కాదు. వెట్టి అని తేలితే ఆ బాకీ చట్టం దృష్టిలో రద్దు. శిక్ష మూడేళ్ల దాకా జైలు, జరిమానా.

1982లో ఏషియాడ్ నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. కనీస వేతనం కంటే తక్కువకి పనిచేయించుకోవడం, రాజ్యాంగం 23వ అధికరణం కింద నిర్బంధ చాకిరీయే. ఆకలికి ఒప్పుకున్న పనిని ఇష్టంతో ఒప్పుకున్నట్టు లెక్కెయ్యరు. అంటే మీ షెడ్డులో అప్పు అనేదే లేకపోయినా, కిలో రేటు లెక్క కనీస వేతనానికి అందకపోతే మీరు ఆ గీత దాటినట్టే.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయి. అయినా 1976 చట్టం అలాగే ఉంది. కోడ్లలో మీకు వెంటనే తగిలేవి ఇవి: ప్రతి మనిషికీ నియామక పత్రం ఇవ్వాలి. జీతంలో అన్ని కోతలూ కలిపి సగానికి మించకూడదు. ఓవర్‌టైముకి రెట్టింపు ఇవ్వాలి. పని మానేసినవాళ్లకి రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే మీరే కట్టాలి. వేరే రాష్ట్రాలవాళ్లు 10 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే వలస కార్మికుల నిబంధనలు మీకు వర్తిస్తాయి, మీ దగ్గర 18 మంది ఉన్నారు. వాళ్లకి సొంతూరికి రానూ పోనూ ఛార్జీ ఇచ్చే బాధ్యత కూడా అందులోదే.

విదేశీ చట్టాల సంగతి కొద్దిగా. బ్రిటన్‌లో 2015 చట్టం 3.6 కోట్ల పౌండ్ల టర్నోవరు ఉన్న కంపెనీలని, తమ సరఫరాలో నిర్బంధ చాకిరీ లేకుండా ఏం చేశారో ఏటా ప్రకటన ఇమ్మంటుంది. అమెరికాలో 1930 టారిఫ్ చట్టం 307వ సెక్షను కింద నిర్బంధ చాకిరీతో తయారైన సరుకుని కస్టమ్స్ రేవులోనే ఆపేయొచ్చు. అలాంటి సరుకు మీద యూరోపియన్ యూనియన్ నిషేధం 2027 డిసెంబరు 14 నుంచి అమలవుతుంది. ఇవేవీ నేరుగా మీ షెడ్డు మీదికి రావు. మీ కొనుగోలుదారు మీదికి వస్తాయి, ఆయన కాంట్రాక్టు ద్వారా మీ మీదికి నెడతాడు. 2024 మార్చిలో ఆంధ్రా పీలింగ్ షెడ్ల గురించి అసోసియేటెడ్ ప్రెస్ కథనాలు వచ్చాక ఈ కాగితాల జోరు పెరిగింది. భయపడి సంతకం పెట్టేస్తే, రేపు ఏదైనా బయటపడినప్పుడు ఎక్స్‌పోర్టరు మీ సంతకమే చూపించి పక్కకి తప్పుకుంటాడు.

అడ్వాన్సు: ఇక్కడే మొత్తం ఉంది

మనిషికి 20 వేలు ఇచ్చామన్నారు. నేనడిగే మొదటి ప్రశ్న: ఆ 20 వేలు ఎవరి చేతికిచ్చారు? మేస్త్రికైతే, ఒడిశాలో ఆ కుటుంబానికి ఎంత ముట్టిందో మీకు తెలియదు. మధ్యలో మేస్త్రి కమీషను, రైలు ఛార్జీలు, దారిలో భోజనాలు పోగా చేతికి 12 వేలే అందొచ్చు. కానీ మీ పుస్తకంలోనూ, మేస్త్రి చిట్టాలోనూ బాకీ 20 వేలే ఉంటుంది. తను తీసుకోని 8 వేలకి కూడా ఆ మనిషి చాకిరీ చేస్తున్నాడు. వెట్టి మొదలయ్యేది సరిగ్గా అక్కడ.

ఇలా మార్చండి. 18 మందినీ ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, మేస్త్రి లేకుండా, ఒడియా వచ్చిన బయటి మనిషి సాయంతో "నీ చేతికి ఎంత ముట్టింది?" అని అడగండి. వాళ్లు చెప్పిన అంకె మీ పుస్తకంలో బాకీగా రాయండి. తేడా మీది, మేస్త్రిది. అది మీరూ ఆయనా తేల్చుకోవాలి, కూలి మీద వేయకూడదు. రైలు ఛార్జీ, మేస్త్రి కమీషను, మెడికల్ టెస్టు, యూనిఫాం, గమ్‌బూట్లు, గ్లౌజులు బాకీలో ఉంటే కొట్టేయండి. పనిలో చేరడానికి అయిన ఖర్చు యజమానిది, మనిషిది కాదు. విదేశీ కొనుగోలుదారులు ముందుగా చూసే అంశాల్లో ఇదొకటి.

ఇకపై ఇచ్చే అడ్వాన్సుకి నేను చెప్పే హద్దులు: ఒక నెల జీతానికి మించకూడదు. వడ్డీ ఉండకూడదు. నేరుగా ఆ మనిషి ఖాతాలో పడాలి. నెలకి జీతంలో పదో వంతుకి మించి కోయకూడదు. చట్టం సగం దాకా ఒప్పుకుంటుంది కదా అంటారేమో. సగం కోస్తే మిగిలినది ఇంటికి పంపడానికి చాలక మళ్లీ అప్పు అడుగుతాడు, బాకీ ఎప్పటికీ తీరదు. తీరని బాకీయే మనిషిని కట్టేస్తుంది.

అంకెల్లో చూడండి. రోజుకి 450 చొప్పున 26 రోజులకి 11,700. అడ్వాన్సు 11 వేలు, నెలకి 1,100 కోత, పది నెలల్లో తీరుతుంది. నాలుగో నెల చివర మానేస్తానన్నాడనుకోండి. 4,400 కోశారు, 6,600 ఉంది. ఆఖరి నెల జీతం 11,700లోంచి ఆ నెల 1,100 తప్ప ఇంకేమీ పట్టుకోకుండా 10,600 రెండు రోజుల్లో చేతికిచ్చి పంపాలి. మిగిలిన 6,600 మామూలు చేబదులు. ఇస్తే ఇస్తాడు, లేదా అది మీ వ్యాపార ఖర్చు. అన్న బదులు తమ్ముణ్ని పనిలో పెట్టుకోవడం, ఊళ్లో తండ్రికి ఫోన్ చేసి బెదిరించడం, తోటి కూలీల జీతంలో కోయడం, ఇవన్నీ నేరాలే. అంత నష్టం భరించలేం అంటే అడ్వాన్సు తగ్గించండి. హద్దు నెల జీతమే అని నేను చెప్పింది ఇందుకే.

అడ్వాన్సు కాగితం అర పేజీ చాలు. ఎంత ఇచ్చారు, ఏ తేదీన, నెలకి ఎంత కోత, ఎప్పటికి తీరుతుంది. కింద పెద్ద అక్షరాల్లో ఒక వాక్యం: "బాకీ ఉన్నా, లేకపోయినా ఎప్పుడైనా పని మానేసి వెళ్లవచ్చు. అప్పటివరకు చేసిన పనికి జీతం పూర్తిగా ఇస్తాము." తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. చదువు రానివాళ్లకి పైకి చదివి వినిపించి, కాపీ వాళ్ల చేతికే ఇవ్వాలి. ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకాలు, వేలిముద్రలు తీసుకుని ఉంటే ఇవాళే ఎవరివి వాళ్లకి తిరిగి ఇచ్చేయండి. ఇన్స్‌పెక్షనులో బీరువాలోంచి ఖాళీ నోట్ల కట్ట బయటపడితే మీరు చెప్పేది ఇంకెవరూ వినరు.

మేస్త్రి

మేస్త్రిని తీసేయమనడం లేదు. మనుషుల్ని తెచ్చేవాడు కావాలి, భాష తెలిసినవాడు కావాలి. కానీ జీతం ఆయన చేతి మీదుగా పోకూడదు, మకాం ఆయన చేతిలో ఉండకూడదు, ఫిర్యాదు చేసుకునే మనిషి కూడా ఆయనే కాకూడదు. ఈ మూడూ ఒకడి చేతిలో ఉంటే ఎంత మంచివాడైనా అది అధికారమే. ఆయన కమీషను మీరు విడిగా, బిల్లు మీద, ఆయన ఖాతాలో వేయండి. ముఠా జీతంలోంచి తీసుకోనివ్వకండి.

"మేం అందరికీ బ్యాంకులోనే వేస్తున్నామండి" అని నిశ్చింతగా ఉండే యజమానులు ఎక్కువ. సరిపోదు. ఏటీఎం కార్డులన్నీ మేస్త్రి సంచిలో ఉండే షెడ్లు ఉన్నాయి. దీన్ని పట్టుకునే గుర్తులు చెప్తాను. జీతం పడిన రోజే, గంట వ్యవధిలో, పది పదిహేను ఖాతాల్లోంచి ఒకే ఏటీఎంలో ఒకే మొత్తం తీసి ఉంటుంది. అంత లోతుకి వెళ్లక్కర్లేకుండానే, ఖాతాలకి ఇచ్చిన ఫోన్ నంబర్ల జాబితా చూడండి. ఒకే నంబరు నలుగురైదుగురికి ఉంటే అది మేస్త్రి నంబరు. "నీ కార్డు చూపించు" అని మనిషిని అడగండి. "రూములో ఉంది" అంటే రూముకి వెళ్లి తెమ్మనండి. ఎవరి వైపు చూసి సమాధానం చెప్తున్నారో గమనించండి.

ఆధార్ ఒరిజినల్ మీ ఆఫీసులో కూడా ఉండకూడదు. "భద్రంగా ఉంటుందని దాచాం" అనేది ప్రతి షెడ్డులో వినే మాట. జిరాక్సు తీసుకుని అప్పుడే తిరిగివ్వండి. దాచుకోవడానికి చోటు లేదంటే తాళం ఉన్న చిన్న లాకరు ఇవ్వండి, తాళం చెవి వాళ్ల దగ్గరే.

కిలో రేటు, కాటా, ఎదురుచూపు

స్థానిక ఆడవాళ్ల విషయంలో అప్పు కంటే ఇదే పెద్ద సమస్య, దీని గురించి ఎవరూ మాట్లాడరు. పీలింగ్ కిలో లెక్కన ఇస్తారు. 40 కౌంటు రొయ్య కిలోకి 40 ఉంటాయి, 100 కౌంటు వంద. రెండిటికీ ఒకే రేటు పెడితే చిన్న కౌంటు లోడు వచ్చిన రోజు కూలి పడిపోతుంది. ఉదాహరణకి కిలోకి 18 రూపాయలు. 40 కౌంటు రోజున 30 కిలోలు వలిస్తే 540. 100 కౌంటు రోజున అదే మనిషి 16 కిలోలు వలిస్తే 288. ఆ రోజు ఆవిడ షెడ్డులో 9 గంటలు ఉంది. కనీస వేతనం 8 గంటలకి 400 అనుకుంటే, గంట ఓవర్‌టైముకి రెట్టింపు 100 కలిపి 500 రావాలి. తేడా 212 మీరు కలపాలి. కలపకపోతే సుప్రీంకోర్టు 1982లో చెప్పిన మాట మీకే వర్తిస్తుంది. ఇవి లెక్క అర్థం కావడానికి వేసిన అంకెలు. అసలు కనీస వేతనం కరువు భత్యంతో కలిపి మారుతుంటుంది, కొత్త ఉత్తర్వు వచ్చినప్పుడల్లా మీ పట్టిక మార్చుకోండి. కౌంటు పెరిగేకొద్దీ పెరిగే రేటు పట్టిక చేసి కాటా పక్కన గోడకి అంటించండి.

ఎదురుచూపు సంగతి. తెల్లవారుజామున 3 గంటలకి "లోడు వస్తోంది, రండి" అని ఆటో పంపుతారు. చెరువులో పట్టుబడి (రొయ్యలు పట్టడం) ఆలస్యమై వ్యాను 6 గంటలకి వస్తుంది. ఆ మూడు గంటలూ పని గంటలే, ఎందుకంటే మీరు రమ్మన్నారు. గేటు పుస్తకంలో లోపలికొచ్చిన టైము రాయండి, పని మొదలైన టైము కాదు. రైతు దగ్గర వ్యాను బయల్దేరాకే మనుషుల్ని పిలవడం మీకూ లాభమే.

కాటా. ఐస్ నీళ్లు కారడానికి పెట్టిన ట్రే బరువు ఎంత తీసేస్తున్నారు, తడి పేరు చెప్పి మళ్లీ ఎంత తీస్తున్నారు? ట్రే బరువు ఒకసారి తూచి ట్రే మీదే పెయింటుతో రాయించండి. రోజూ మొదటి ట్రే కంటే ముందు 5 కిలోల రాయి పెట్టి అందరి ముందూ కాటా చూపించండి. అంకెల తెర వలిచేవాళ్ల వైపు ఉండాలి, సూపర్‌వైజరు వైపు కాదు. ప్రతి మనిషికీ చిన్న పుస్తకం, ప్రతి తూకానికీ అందులో అంకె. నెలాఖరున మీ మస్టరూ (హాజరు, జీతాల పుస్తకం) ఆ పుస్తకాలూ కలవకపోతే దొంగలెక్క ఎక్కడో అప్పుడే తెలుస్తుంది.

గేటు, మకాం

రాత్రి ఆడవాళ్ల మకాముకి బయట తాళం వేసి "వాళ్ల రక్షణ కోసం" అంటారు. ఒప్పుకోకండి. గడియ లోపల ఉండాలి, కాపలాకి మనిషి బయట ఉండాలి. అమ్మోనియా లీకు వచ్చినా, షార్ట్ సర్క్యూట్ అయినా ఆ తాళమే చావు తెస్తుంది. సెలవు రోజు సంతకి వెళ్లాలంటే పర్మిషను అడగాల్సిన అవసరం ఉండకూడదు. పుస్తకంలో పేరు రాసి వెళ్లొస్తే చాలు. పని వేళ ఫోన్లు లోపలికి తేవద్దనడం పరిశుభ్రత కోసం సరే, షిఫ్టు అవగానే ఎవరి ఫోను వాళ్లకి ఇవ్వాలి. రాత్రంతా సూపర్‌వైజరు బీరువాలో ఉండకూడదు.

ఆడవాళ్లు ఇంతమంది ఉన్నారు కాబట్టి ఒక్కటి తప్పనిసరి. 10 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే ప్రతి చోటా 2013 చట్టం కింద లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ ఉండాలి, దానికి అధ్యక్షురాలు ఆడమనిషే, బయటి సభ్యులొకరూ ఉండాలి. బాకీ ఉన్న ఆడమనిషిని సూపర్‌వైజరు లొంగదీసుకోవడం తేలిక. అప్పు, వేధింపు ఒకదాన్నొకటి మోస్తాయి.

చెరువులు: మీవి కావు, అయినా

మీ సరుకులో అసలు ప్రమాదం షెడ్డులో కంటే చెరువు గట్టు మీద ఎక్కువ. అక్కడ ఆడిటరు కనిపించడు. ఉండి, ఆకివీడు, మొగల్తూరు, కైకలూరు, ఎటు వెళ్లినా గట్టు మీద రేకుల షెడ్డులో ఒక జంట కనిపిస్తుంది. మేత వేయడం, మేత తిన్నాయో లేదో తెలిపే చెక్‌ట్రేలు చూడడం, రాత్రి ఏరియేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) ఆగితే లేచి జనరేటరు వేయడం, దొంగలు పడకుండా కాపలా. వాళ్ల విషయంలో అడగాల్సినవి ఇవి.

జీతం ఇద్దరికా, జంటకా? "జంటకి ఇంత" అని మాట్లాడుకుంటే ఆడమనిషి పనికి విలువే లేదు, ఇద్దరికీ విడివిడిగా కనీస వేతనం పడదు. రెండు పేర్లు, రెండు జీతాలు, రెండు ఖాతాలు ఉండాలి.

జీతం నెలనెలా ఇస్తున్నారా, పట్టుబడి అయ్యాక ఇస్తామంటున్నారా? వనామి (ఇక్కడ పెంచే రొయ్య రకం) పంట మూడు నాలుగు నెలలు. అంతకాలం ఖర్చులకి కొద్దికొద్దిగా ఇచ్చి మిగతాది ఆపితే, ఆ ఆపిన జీతమే గొలుసు అవుతుంది. తెల్లమచ్చ రోగం వచ్చి చెరువు పోతే రైతు "నేనే మునిగాను, నీకేమిస్తాను" అంటాడు. పంట నష్టం కూలి జీతంలో పడకూడదు, ఆ మాట ముందే రాసుకోవాలి.

పిల్లలున్నారా, బడికి వెళ్తున్నారా? 14 ఏళ్ల లోపువాళ్లని పనిలో పెట్టడం 1986 చట్టం, 2016 సవరణ ప్రకారం పూర్తిగా నిషేధం, 18 లోపువాళ్లని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. గట్టు మీద పిల్లవాడు కనిపిస్తే తరిమేయడం పరిష్కారం కాదు. బడి ఎంత దూరం, ఎవరు దింపుతారు అనేది రైతుతో మాట్లాడాలి. వేరే ఊరి పిల్లవాణ్ని పనికి తెచ్చారని అనుమానం వస్తే 1098కి ఫోన్ చేయాలి.

నెలకొకసారైనా బస్సెక్కి ఊరెళ్లొస్తున్నారా? చెరువు వదిలి ఒక్కరోజు వెళ్లాలంటే బదులు మనిషి ఉన్నాడా? బదులు లేకపోతే పేరుకి స్వేచ్ఛ ఉన్నా కాళ్లకి లేదు.

ఇవన్నీ పట్టుబడి రోజు అడగకండి. ఆ రోజు రైతు, ఏజెంటు, వల ముఠా మేస్త్రి అందరూ గట్టు మీదే ఉంటారు, ఎవరూ నోరు విప్పరు. మధ్యాహ్నం మేత వేసే వేళకి, రైతుకి చెప్పే వెళ్లండి. కానీ మాట్లాడేటప్పుడు రైతుని పక్కకి ఉండమనండి.

ముందు ఒక జాబితా రాసుకోండి. ఏ చెరువు, ఏ ఊరు, ఎన్ని ఎకరాలు, ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ) నమోదు సంఖ్య, గట్టు మీద ఉండేది ఎంతమంది, ఎక్కడివాళ్లు. ఏజెంటు ఇచ్చే సరుక్కి ఈ వివరాలు లేకపోతే రెండు పంటల గడువిచ్చి, ఆ తర్వాత వివరాలు లేని సరుకు తీసుకోనని చెప్పండి. అన్ని చెరువులూ ఒకేసారి తిరగలేరు. బయటి జిల్లాల, బయటి రాష్ట్రాల మనుషులున్నవి, రోడ్డుకి దూరంగా ఉన్నవి, ఏజెంటు పేరు చెప్పడానికి తటపటాయించేవి ముందు చూడండి. వల ముఠాలనీ, ఐస్ ఫ్యాక్టరీ లోడింగ్ కూలీలనీ కూడా జాబితాలో పెట్టండి. వాళ్లని అందరూ మర్చిపోతారు.

ఒక మాట మీకు చేదుగా ఉండొచ్చు. రైతుకి మీరు డబ్బు నలభై రోజులకి ఇస్తూ, కాటా దగ్గర కౌంటు పేరుతో చివరి నిమిషంలో రేటు కోస్తూ, ఆయన కూలీలకి నెలనెలా ఇవ్వమని ఆయనకే చెప్తే అది పనిచేయదు. మేత డీలరు బాకీలో రైతే ఉంటాడు, ఆ ఒత్తిడి చివరికి గట్టు మీది జంట మీద పడుతుంది. చెల్లింపుకి తేదీ పెట్టుకుని దానికి కట్టుబడితేనే మీ షరతుకి బరువు ఉంటుంది.

ఏదైనా బయటపడితే

అందరూ చేసే తప్పు ఇక్కడే. భయపడి ఆ రాత్రికే కూలీలని రైలెక్కించేస్తారు, లేదా ఆ రైతు దగ్గర కొనడం ఆపేసి చేతులు దులుపుకుంటారు. రెండిట్లోనూ నష్టపోయేది కూలీయే. మీ షెడ్డులోనే అదనంగా కోసిన డబ్బు, కమీషను లాంటివి తేలితే వెంటనే తిరిగిచ్చి, రసీదు రాసుకుని, ఇకపై జరగకుండా పద్ధతి మార్చండి. మనిషిని కదలనివ్వకపోవడం, కొట్టడం, జీతం మొత్తం ఆపేయడం లాంటివి ఎక్కడ కనిపించినా అది మీరు గుట్టుగా సర్దుబాటు చేసే విషయం కాదు. కలెక్టరుకి గానీ ఆర్డీవోకి గానీ రాతపూర్వకంగా తెలపాలి. ప్రాణాపాయం ఉంటే 112. ఉచిత న్యాయ సాయానికి 15100. అధికారులు విచారించి విడుదల ధ్రువపత్రం ఇస్తే, బాకీ రద్దయిందనడానికి ఆ మనిషి చేతిలో రుజువు ఉంటుంది. 2016 కేంద్ర పథకం కింద మగవాళ్లకి లక్ష, ఆడవాళ్లకి, పిల్లలకి 2 లక్షలు, అతి దారుణమైన కేసుల్లో 3 లక్షల దాకా పునరావాస సాయం ఉంది. రాత్రికి రాత్రి రైలెక్కిస్తే ఆ హక్కులన్నీ పోతాయి, ఊళ్లో మేస్త్రి అప్పు మాత్రం అలాగే ఉంటుంది.

ఫిర్యాదుకి పెట్టె పెడితే చాలదు, మన షెడ్లలో చాలామంది రాయలేరు. మేస్త్రికీ సూపర్‌వైజరుకీ సంబంధం లేని ఒక మనిషి ఫోన్ నంబరు, ఒడియా వచ్చినవాళ్లది ఇంకొకటి, మంచినీళ్ల కుళాయి దగ్గర పెద్దగా రాయించండి. ఫిర్యాదు చేసినవాళ్ల పని గంటలు తగ్గకుండా మూడు నెలలు మీరే చూడండి. ఒక్కరికి పని తగ్గిందని తెలిస్తే రెండో ఫోను రాదు.

ఎక్స్‌పోర్టరుకి ఏం రాయాలి

"లేదు" అని కాకుండా, చేసింది చేసినట్టు రాయండి: "ఫలానా తేదీన 45 మంది లెక్కలు చూశాం. 18 మంది అడ్వాన్సులు సరిచేసి ఇంత మొత్తం కొట్టేశాం. జీతాలు నేరుగా ఖాతాల్లో వేస్తున్నాం. ఇన్ని చెరువుల్లో ఇన్ని చూశాం, మిగతావి ఈ నెలలోపు చూస్తాం. ఈ రెండు చోట్ల లోపాలు కనిపించాయి, ఇలా సరిచేస్తున్నాం." కంపెనీల్లో ఈ పని తెలిసినవాళ్లకి మచ్చలేని డిక్లరేషన్ కంటే ఈ ఉత్తరం మీదే నమ్మకం కుదురుతుంది. ఏటా ఒకసారి కొత్తగా రాసి పంపండి.

దాంతోపాటే రెండు విషయాలు అడగండి. ఆర్డరు వారం ముందు ఖాయం చేయమనండి. రాత్రికి రాత్రి రెండు కంటైనర్లు అడిగితే ఓవర్‌టైము ఎక్కడినుంచి వస్తుందో వాళ్లకీ తెలుసు. రెండోది, కౌంటు వారీ రేట్లు, కొట్టేసిన బాకీలు, ఛార్జీలు అన్నీ కలిపి కిలోకి మీకు అదనంగా ఎంత పడుతుందో లెక్కగట్టి, తర్వాతి రేటు మాట్లాడేటప్పుడు ఆ కాగితం బల్ల మీద పెట్టండి. 45 మంది మస్టరూ, నెలకి వలిచిన మొత్తం కిలోలూ చేతిలో ఉంటే ఒక పూటలో తేలే లెక్క అది. పేర్లు తీసేసి ఆ రెండూ ఇక్కడ పెడితే లెక్క వేయడంలో సాయం చేస్తాను.